సంఘపు లారీ మూలుగు – మన కర్తవ్యము

స్వంత లారీ గల సహకార సంఘములలో క్రొత్త బండి కొనగల శక్తి కొన్నిటికే యుండును. మిగిలినవి పది పదునైదు సంవత్సరములు రోడ్లమీద తిరిగి, ఒకరిద్దఱు యజమానుల చేతులు మారిన బండిని కొని, దానితోనే ధాన్యమును మిల్లునకును, ఎరువును గోదామునకును చేరవేసికొనుచున్నవి. ఇందు తప్పేమియు లేదు. వాటాధనము కొలదిగా నున్నప్పుడు పాత బండిని కొనుటయే వివేకము. కాని పాత బండిని కొనుట వేఱు, కొన్న పిమ్మట దాని మాట వినుట వేఱు. ఇంజను ఆగిపోయిన నాడు పంచాయతుదారులందఱును చేరుదురు. టైరు పగిలిన నాడు కార్యదర్శిగారు చెక్కు పుస్తకముతో పరుగెత్తుదురు. స్టీరింగు త్రిప్పినప్పుడెల్ల బండి ముందుభాగమున ఒక మూలుగు వినవచ్చుచుండినచో మాత్రము, "ముసలి బండి గదా, మూలుగక మానునా" అని నవ్వి యూరకుందురు. ఆ నవ్వును గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయదలచితిని.

నా అభిప్రాయమును మొదటనే చెప్పెదను. ఆ మూలుగు విన్నను విననట్లు బండిని నడుపుట యెంత తప్పో, విన్న మఱునాడే పంపును విప్పి పాఱవైచి క్రొత్త పంపును కొనుటయు నంత తప్పు. మొదటిది డ్రైవరు ప్రాణమునకును, దారిన పోవువారి ప్రాణమునకును చేటు. రెండవది సంఘపు ధనమునకు చేటు. ఈ రెంటి నడుమ నొక మార్గము గలదు. అది ఒక పూట పని. దానికగు వ్యయము క్రొత్త పంపు వెలలో కొద్ది భాగము మాత్రమే. ఐనను ఆ మార్గమున నడచు సంఘములు తక్కువగా నున్నవన్నచో, కారణము అజ్ఞానము కాదు. ఆ పని యెవరిది అను ప్రశ్నకు మనలో సమాధానము లేకపోవుటయే కారణము.

పవర్ స్టీరింగు అనునది యేమో సరిగా నెఱుగని సభ్యులు కొందఱుందురు గనుక క్లుప్తముగా చెప్పవలసియున్నది. అది లేని లారీలలో డ్రైవరు భుజబలమే ముందు చక్రములను త్రిప్పవలెను. ఆ శ్రమను నూనె ఒత్తిడిచే తగ్గించు ఉపాయమును 1920వ దశకమునందే అమెరికా దేశపు ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్ చేసి చూపెను. అమ్మకపు కార్లయందు అది కనబడుటకు మాత్రము 1951వ సంవత్సరము వఱకు ఆగవలసివచ్చెను. ఆ యేట క్రైస్లరు కంపెనీవారు తమ ఇంపీరియల్ కారునందు దీనిని అమర్చిరి. మన దేశపు లారీలలో ఇది సామాన్యమగుటకు ఇంకను చాలకాలము పట్టెను.

దీని పనితీరు కష్టమైనది కాదు. ఇంజను ఒక చిన్న పంపును త్రిప్పును. ఆ పంపులో ఒక ఉక్కు దిమ్మ గలదు; దిమ్మ అంచున తీసిన గాళ్లలో పలుచని ఉక్కు రేకులు లోపలికిని వెలుపలికిని జాఱుచుండును. దిమ్మ తిరుగు గది సరిగా గుండ్రముగా నుండక కోడిగ్రుడ్డు వాటముగా నుండును. అందుచేత రేకులు ఒకచోట నూనెను డబ్బానుండి పీల్చుకొని, మఱియొకచోట దానిని గట్టిగా నొత్తి స్టీరింగు పెట్టెకు పంపును. బండి నిండ బరువుండి చక్రములు బిగువుగా నున్నప్పుడు ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు నూఱు కిలోలను మించిపోగలదు. మనము గుర్తుంచుకొనవలసిన విషయమొకటి గలదు. ఆ నూనెయే పంపు మోయు సరకు. దాని కీళ్లకు కందెనయు ఆ నూనెయే. దానిని చల్లార్చునదియు ఆ నూనెయే. నూనె చెడినను, తగ్గినను, గాలితో కలిసినను, పంపునకు మూడు విధముల దెబ్బ తగులును. పంపు అఱచుట ఆ దెబ్బకే.

ఈ సంగతిని మోటారు పంపుసెట్టు గల రైతునకు వేఱుగ బోధింపనక్కఱలేదు. బావిలోని సక్షను గొట్టమునకు వెండ్రుకవాసి పగులున్నను పంపు గాలి పీల్చి, నీరు వదలి, గోల చేయును. ఆ పగులునుండి చుక్క నీరైనను వెలుపలికి కారదు. వెలుపలి గాలియే లోపలికి పోవును. పగులెక్కడ నున్నదో కనుగొనుటకు మనము గొట్టమునకు తడిమట్టి పూసి చూచుట కలదు. అట్టి సమయమున పంపును అమ్మివేసి క్రొత్త పంపును కొనెదనను రైతు నొక్కనినైనను నే నెఱుగను. పొలములో నింత తెలివి గలవారము, లారీ దగ్గఱకు వచ్చునప్పటికి "పంపు పోయినది" అను మాటను పరీక్ష లేకయే యేల నమ్ముచున్నాము? స్టీరింగు పంపునకును పీల్చు గొట్టమొకటి గలదు. అది రబ్బరుది. ఇంజను వేడిమికి అది యేండ్ల తరబడి కాగి, చివరలు గట్టిపడి, బిగింపు క్లిప్పు క్రింద సన్నని బీటలు వేయును. అచ్చట నూనె కారినట్లు కనబడదు. గాలి మాత్రము నిరాటంకముగా పోవుచుండును. పాత లారీ మూలుగులలో అనేకములకు మూలము ఇచ్చటనే యుండునని నా నమ్మకము.

ధ్వనులన్నియు నొకటి కావు. ఈ భేదమును డ్రైవరు మాత్రమే గాక బండి బాధ్యత వహించిన పంచాయతుదారుడును నేర్వవలెను. ఇంజను వేగము పెరిగిన కొలది సన్నగా పైకి లేచు ఈలవంటి రోదనము, స్టీరింగు త్రిప్పగనే అధికమైనచో, అది నూనె తక్కువతనమునకో గాలికో గుర్తు. కీచుమని అఱచి వెంటనే ఆగునది బెల్టు జాఱుట. స్టీరింగు త్రిప్పినను త్రిప్పకపోయినను ఒకే తీరున తిరుగటి రాయివలె గరగరలాడునది బేరింగు అరుగుట. గతుకులలో టకటకమని కొట్టునది పంపు కానేకాదు. అది పంపును బిగించిన బోల్టులు వదులగుటయో, చక్రముల నడుమ కడ్డీల కీళ్లు అరుగుటయో కావచ్చును. ఇక స్టీరింగును ఒక ప్రక్క చివరివఱకు త్రిప్పి పట్టినప్పుడు బుసమని వచ్చు ధ్వనికి భయపడనక్కఱలేదు. ఒత్తిడి మితిమీరకుండ నూనెను మఱలించు మూత తెఱచుకొనుటచే నా బుస వచ్చును. ఐనను అట్లు చివర పట్టి ఐదు సెకండ్లకు మించి యుంచరాదు. నూనె అచ్చటచ్చటనే తిరిగి మఱుగును. పంపు ఆయువు తగ్గును.

పరీక్షకు మొదటి సాధనము కన్ను. డబ్బా మూత విప్పుటకు ముందు దాని చుట్టునుగల దుమ్మును తడిగుడ్డతో తుడువవలెను. కళ్లమునుండి వచ్చిన లారీపై నూకయు, ఊకయు, మట్టియు నుండును. తుడువక మూత తీసినచో ఆ ఇసుక రేణువులే పంపులోనికి పోయి రేకులను తినివేయును. తరువాత నూనె మట్టమును, రంగును, నురుగును చూడవలెను. ఇంజను నడచుచుండగా నూనె పాలవలె తెల్లబడి బుడగలతో నిండియున్నచో గాలి చేరినదని తెలియవలెను. రాత్రియంతయు బండి నిలిచి, బుడగలు తేలిపోయిన పిమ్మటను తెలుపు పోకున్నచో, అది నీరు. వాన నీరు పగిలిన మూతగుండ దిగుట అరుదు కాదు. నల్లబడి మాడువాసన కొట్టునది కాగి చెడిన నూనె. వ్రేళ్ల నడుమ రాచినప్పుడు వెండిపొడివలె మెఱయునది లోహపు పొడి. అది కనబడిన యెడల పంపు అరుగుట మొదలిడినదని నిశ్చయింపవచ్చును.

మఱియొక చిన్న పరీక్ష గలదు. ఇంజను మెల్లగా నడచుచుండగా మట్టమును గుర్తించి, ఇంజను ఆపి మరల చూడవలెను. ఆపగనే నూనె ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి లేచుట అనేక లారీలలో సహజము. అంతకు మించి పొంగినచో గొట్టములలో గాలి యున్నదని యర్థము. ఒత్తిడిలో నణగియున్న గాలి, ఒత్తిడి పోగానే వ్యాపించి నూనెను నెట్టును. దీనికి పనిముట్టులు అక్కఱలేదు, ఖర్చు లేదు.

డబ్బా అడుగున నొక జల్లెడయో కాగితపు ఫిల్టరో యుండును. ఇంజను ఫిల్టరును మార్చుట మఱువని సంఘములుకూడ దీని ఉనికినే మఱచినవి. అది మడ్డితో మూసికొనిపోయినచో డబ్బా నిండ నూనె యున్నను పంపునకు చేరదు. పంపు బలముగా పీల్చును, నూనె రాదు, ఆ శూన్యమున నూనెలోనే సన్నని ఆవిరి బుడగలు పుట్టి, ఒత్తిడి వైపు చేరగానే చిట్లును. ఆ చిట్లుట చప్పుడుతో పోవునది కాదు. బుడగ చిట్లిన ప్రతిచోట ఉక్కుపై సూదిమొనంత గుంట పడును. కొన్ని నెలలలో నునుపైన గది తలము చెద తిన్న కఱ్ఱవలె తయారగును. పీల్చు గొట్టము మెలి తిరిగినను, లోపలి పొర ఊడి అడ్డుపడినను ఇదే కీడు. వంద రూపాయల వస్తువును మార్చని లోభమునకు వేల రూపాయల పంపు బలియగుట మనము చూచుచుండునదే.

నూనెను గూర్చి కొంత గట్టిగానే చెప్పదలచితిని. ఏ నూనె పోయవలెనో బండి తయారించినవారి పుస్తకమునందును, తఱచుగా డబ్బా మూతపైనను వ్రాసియుండును. చాల లారీలకు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ జాతికి చెందిన ఎఱ్ఱని పలుచని నూనె విధింపబడినది. కొన్నిటికి వేఱు నూనె. ఆ వ్రాత ప్రకారము చేయవలెనేగాని దుకాణదారుని సలహా ప్రకారము కాదు. బ్రేకు నూనె పోసినచో రబ్బరు సీళ్లు ఉబ్బి, మెత్తబడి, కొలది దినములలో పంపును పెట్టెను రెంటిని చెఱచును. చప్పుడు తగ్గుటకై తొంబది నంబరు గేరు నూనె పోయు అలవాటొకటి కొన్ని షెడ్లలో గలదు. చిక్కని నూనెలో చప్పుడు కొంత అణగుట నిజమే. కాని తెల్లవారుజామున చల్లగా నున్నప్పుడు ఆ చిక్కని నూనె పీల్చు గొట్టమున కదలదు. పంపు ఎండి తిరుగును. రోగి మూలుగకుండ నోట గుడ్డ క్రుక్కుట వైద్యమగునా? కారుట ఆపునని సీసాలలో అమ్ము మందులును ఇట్టివే. అవి సీళ్లను ఉబ్బించి కొంతకాలము కన్ను కప్పును. బండిని అమ్మదలచినవానికి అవి యుపయోగపడును గాని, ఉంచుకొనదలచిన సంఘమునకు కాదు.

బెల్టుతో తిరుగు పంపైనచో బెల్టు బిగువును, దాని లోపలి అంచులు అద్దమువలె మెఱయుచున్నవో లేదో చూచిన చాలును. ఇంజను గేరులతోనే తిరుగు పంపులున్న లారీలలో మాత్రము ఒక మర్మము గలదు. వెలుపల ఎచ్చటను చుక్క కారదు. ఐనను స్టీరింగు నూనె వారము వారము తగ్గుచుండును. క్లీనరు పోయుచునే యుండును. అటువంటప్పుడు ఇంజను నూనె కడ్డీని తీసి చూడవలెను. దాని మట్టము పెరిగియున్నచో పంపు ఇరుసు సీలు పోయి, స్టీరింగు నూనె ఇంజనులోనికి దిగుచున్నదని గ్రహింపవలెను. అప్పుడు ఇంజను నూనె పలుచబడును. ఒక చిన్న సీలు వలన రెండు యంత్రములకు హాని. మట్టమును కొలిచి వ్రాసియుంచు అలవాటు లేనిచో దీనిని కనిపెట్టుట దుర్లభము.

పంపు పైనే దోషమంతయు మోపుటయు న్యాయము కాదు. ముందు టైర్లలో గాలి తక్కువైనను, కింగుపిన్నులకు గ్రీజు అందక బిగిసినను, అనుమతికి మించి బస్తాలెక్కించినను ఆ భారమంతయు పంపే మోయవలెను. మఱి మన కళ్లములలో జరుగు పని యొకటి చెప్పెదను. మెత్తని నేలలో చక్రములు దిగబడియుండగా, బండి ఒక అడుగైనను కదలకయే స్టీరింగును ఈ చివరనుండి ఆ చివరకు బలవంతముగా త్రిప్పుదురు. నిలిచిన చక్రమును మట్టిలో త్రిప్పుట దున్నుటవంటిది. బండిని జానెడు కదల్చుచు త్రిప్పినచో సగము బలము చాలును. ఇది డ్రైవరుకు తెలియును. కాని గట్టు విఱుగునని, చేను త్రొక్కబడునని మనమే అతనిని ఒక గజమైనను కదలనీయము. గట్టు ఎవరిదో ఒకరిది, పంపు అందఱిది. పదిమంది చేరినచోట పాము చావదని పెద్దలు ఊరకయే అన్నారా?

గొట్టమును, ఫిల్టరును, నూనెను మార్చిన పిమ్మట గాలిని వెడలగొట్టు పనిని తొందరపడి చేయరాదు. బండిని చదునైన నేలపై నిలిపి, వెనుక చక్రములకు దిమ్మలు పెట్టి, ముందు ఇరుసును జాకీపై నెత్తి, గట్టి స్టాండులపై నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మి క్రిందికి దూరరాదు. ఇంజను ఆపియుంచి, డబ్బా నింపి, స్టీరింగును ఒక చివరనుండి మఱియొక చివరకు మెల్లగా పదునైదు ఇరువది మారులు త్రిప్పవలెను. ఒకడు త్రిప్పుచుండ మఱియొకడు డబ్బా ఎండకుండ పోయుచుండవలెను. పిమ్మట ఇంజను మెల్లగా నడపి, మరల అట్లే త్రిప్పి, బుడగలు పూర్తిగా ఆగువఱకు చూడవలెను. బండి పుస్తకమునందు వేఱు క్రమము చెప్పబడినచో దానినే యనుసరింపవలెను. గాలి మిగిలియుండగానే బండిని రోడ్డెక్కించి, "నూనె మార్చినను చప్పుడు పోలేదు, పంపే పోయినది" అని తీర్పు చెప్పుట తఱచుగా జరుగుచున్నది. ఆ తీర్పుపై అప్పీలు లేదు. బిల్లు మాత్రము వచ్చును.

ఇంజను నడచుచుండగా పరీక్షించువారు కండువాను, పంచె చెఱగును బిగించుకొనవలెను. పొడవైన స్క్రూడ్రైవరు మొనను పంపు ఒంటికి ఆనించి పిడిని చెవికి చేర్చినచో లోపలి గరగర స్పష్టముగా వినబడును. కాని ఫ్యానును, బెల్టును ప్రక్కనే తిరుగుచుండునని మఱువరాదు. నూనె చిమ్ముచున్నదను అనుమానమున్నచో గొట్టమును చేతితో తడుమరాదు. సూదిబెజ్జమంత పగులునుండి వచ్చు నూనె చర్మమును చీల్చి లోపలికి పోగలదు. చూచుటకు చిన్న పోటువలె నుండి, వ్రేలు తీసివేయవలసిన ప్రమాదమగును. అట్టమ్ముక్కను అడ్డుపెట్టి చూడవలెను. కాఱిన నూనె వేడి పొగగొట్టముపై పడినచో నిప్పు రగులుటయు కలదు.

ఇన్నిటిని చూచినను గరగర పోక, నూనెలో లోహపు పొడి కనబడి, ఇంజను మెల్లగా నడచునప్పుడు స్టీరింగు బిగిసి, వేగము పెంచిన గాని తేలికపడకున్నచో, పంపు నిజముగా అరిగినది. అప్పుడు కొనవలసినదే, అందు వెనుదీయరాదు. కాని క్రొత్త పంపు బిగించుటకు ముందు పాత నూనెనంతను తీసి, గొట్టములను, డబ్బాను, స్టీరింగు పెట్టెను క్రొత్త నూనెతో కడిగి, క్రొత్త ఫిల్టరు వేయించవలెను. చచ్చిన పంపు విడిచిన ఉక్కుపొడి గొట్టములలోనే యుండును. కడుగక బిగించిన క్రొత్త పంపు ఆ పొడినే త్రాగి, పాతదాని దారినే పోవును. "కంపెనీ సరకు నాసి" అని మనము తిట్టుకొందుము. బిల్లులో కడుగుటకైన నూనె పద్దు లేనిచో కార్యదర్శిగారు సొమ్ము చెల్లింపకుండ నిలుపవలెనని నా మనవి.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. ఈ చెప్పినదంతయు అనుభవజ్ఞుడైన డ్రైవరుకు తెలియనిది కాదు. మూలుగును మొదట వినువాడును అతడే. ఐనను అతడు చెప్పడు. చెప్పినచో ఏమగును? కోతల కాలమున ఆకాశము మబ్బుపట్టియుండగా, కళ్లములలో ధాన్యము తడియునను భయముతో పదిమంది రైతులు బండికై కాచియుందురు. ఆ సమయమున "స్టీరింగు అఱచుచున్నది, ఒక పూట ఆపెదను" అని పలికిన డ్రైవరును మనము మెచ్చుకొందుమా? "తిరుగుచున్నది గదా, పో" అందుము. బండి ఆగిన దినమున అతని బత్తెము పోవును. ఒక నాడు అతడు చెప్పి మాటపడెను. మఱునాటినుండి చెప్పుట మానెను. ఇది అతని తప్పు కాదు, మనము నేర్పిన పాఠము.

పంపు హఠాత్తుగా ఆగినంత మాత్రమున స్టీరింగునకును చక్రములకును గల ఇనుప సంబంధము తెగదు. కావున బండి పూర్తిగా వశము తప్పదని కొందఱు ధైర్యము చెప్పుదురు. మాట నిజమే. కాని ఒక వ్రేలితో తిరుగుచుండిన చక్రము ఒక్క క్షణమున రెండు చేతుల బలమునకును లొంగకున్నప్పుడు, ఆ క్షణము ఎచ్చట వచ్చును అనునదే ప్రశ్న. కృష్ణా గోదావరి డెల్టాలలో కాలువగట్ల మీది దారులు ఎట్టివో మన సభ్యులెఱుగుదురు. ఒక వైపున కాలువ, మఱియొక వైపున పల్లపు చేను, నడుమ లారీ పట్టునంత దారి, మలుపులో ఎదురుగా బడిపిల్లల సైకిళ్లు. నిండు ధాన్యముతోనున్న లారీకి ఆ మలుపున సెకండు ఆలస్యమైనను చాల ఎక్కువ. బెల్టుతో తిరుగు పంపు బిగిసిపోయినచో బెల్టు తెగుటయు నుండును. ఆ బెల్టే నీటి పంపునుకూడ త్రిప్పుచుండినచో ఇంజనుకూడ కాగిపోవును.

ఎనిమిదేండ్లు దాటిన లారీలకు ఏటేట ఫిట్‌నెస్ పత్రము పొందవలెను గదా, ఆ పరీక్ష చాలదా యని అడుగవచ్చును. ఆ పరీక్ష అవసరమే. కాని పరీక్షించు అధికారి ఏడాదిలో ఒక్క దినము వినును. డ్రైవరు తక్కిన దినములన్నియు వినుచున్నాడు.

కాబట్టి నా ప్రతిపాదన యిది. స్టీరింగు, బ్రేకుల విషయమున బండిని నిలుపు అధికారము డ్రైవరుకు ఉండవలెను. ఆ అధికారమును పంచాయతు తీర్మానముగా వ్రాసి, నిలిపిన పూటకు బత్తెము ఇయ్యవలెను. లారీలో ఒక నోటుపుస్తకముంచి, వారమునకొకసారి స్టీరింగు నూనె మట్టమును, ఇంజను నూనె మట్టమును, పోసిన నూనె పరిమాణమును, విన్న చప్పుడును తేదీతో వ్రాయించవలెను. ఆ పుస్తకమును నెలకొకసారి పంచాయతు సమావేశమున చదువవలెను. వ్రాయుట రాని డ్రైవరు చెప్పగా గుమాస్తా వ్రాసికొనవచ్చును.

దీనిపై రెండు ఆక్షేపణలు వచ్చునని యెఱుగుదును. డ్రైవరు విశ్రాంతి కొఱకు చప్పుడును సాకుగా చెప్పునని యొకటి. సాకైనచో డబ్బా మూత తీయగనే తెలియును. మట్టము, నురుగు, బెల్టు ఇవి ఇద్దఱు సభ్యుల యెదుట అరగంటలో చూడదగినవి. రెండవది బలమైనది: వాన ముంచుకొని వచ్చునప్పుడు బండి ఆగినచో నష్టము పంపు వెలకంటె అనేక రెట్లుండునని. నిజమే. అందుచేతనే ప్రతి చప్పుడునకు బండి నాపుమని చెప్పుటలేదు. మట్టము సరిగా నుండి, స్టీరింగు తేలికగా తిరుగుచు, మూలుగు కొలదిగా మాత్రమే యున్నచో, ఆ లోడును మెల్లగా మిల్లు చేర్చి, సాయంకాలము పరీక్షించుకొనవచ్చును. మట్టము దిగుచుండినను, నురుగు డబ్బా దాటి పొర్లుచుండినను, స్టీరింగు ఒక క్షణము తేలికయై మఱుక్షణము బిగియుచుండినను, బెల్టు చక్రము ఊగుచుండినను మాత్రము ఏ వానయైనను రానిండు, బండి కదలరాదు. ఆ పూటకు ప్రక్క గ్రామపు ట్రాక్టరులను బాడుగకు పిలిచి, ఆ బాడుగ సంఘము భరింపవలెను. ఆ యేర్పాటు కోతలకు ముందే మాటాడియుంచుకొనినచో, కళ్లములో కలహము పుట్టదు.

కోతలు మొదలగుటకు నెల ముందుగా బండిని ఒక దినము షెడ్డున నిలిపి, ఈ నూనె, ఫిల్టరు, పీల్చు గొట్టము, క్లిప్పులు, బెల్టు అన్నియు చూపించుట మంచిది. అప్పుడు మెకానిక్కులకును తీరిక యుండును, విడిభాగములకు బేరమాడు వ్యవధియు నుండును. రాబోవు మహాజనసభ లెక్కలలో మరమ్మతుల పద్దు క్రింద దీనికై వేఱుగా కొంత మొత్తము చూపవలెనని పంచాయతుదారులను కోరుచున్నాను. లేనియెడల ఎప్పటివలె రిజర్వు నిధి వైపు చూడవలసివచ్చును.

విడదీసిన పాత నూనెను గూర్చి ఒక మాట. దానిని షెడ్డు వెనుక బోదెలో పోయు ఆచారము కొన్నిచోట్ల కలదు. ఆ బోదె మన చేలకే పాఱును. పాత నూనెను మూతగల డబ్బాలో పట్టి, వాడిన నూనెను సేకరించుటకు అనుమతి పొందినవారికి అమ్మి, వచ్చిన నాలుగు రూపాయలను లారీ పద్దునకే జమకట్టవలెను.